నాన్న లేని రోజుల ఫొటోలు

పలాసలో మేముండే వీధికి రెండు సందుల అవతల ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. తెల్లవారుజామున గాలి ఇటు తిరిగిందంటే కాలిన జీడిపిక్కల తొక్కు వాసన, కాస్త నూనె కాస్త చేదు కలిసి గొంతులో గీరుకునే ఆ వాసన, కిటికీలోంచి లోపలికి వస్తుంది. మా ఆయన దగ్గుతూ లేచి కిటికీ మూసేస్తాడు. నాకు మాత్రం అది ఫ్యాక్టరీ వాసన కాదు, మా అమ్మ వాసన. నా చిన్నతనంలో ఏడాదికి పైగా అమ్మ ప్రతి సాయంత్రం ఒళ్ళంతా ఆ పొగ కంపుతో, జీడి రసానికి నల్లబడి పొరలు లేచిన వేళ్ళతో ఆటో దిగి వచ్చేది. కాళ్ళయినా కడుక్కోకముందే గుమ్మంలోంచి నన్ను అడిగేది.

"ఈయాల ఫొటో తీసినావేటే, పారోతీ?"

మాది ఉద్దానంలో సముద్రపు ఒడ్డునున్న చేపల పల్లె. ఒక పక్క కొబ్బరితోటలు, జీడితోటలు, వాటి గట్ల మీద మొగలిపొదలు, ఇంకో పక్క ఇసుక, ఇసుక దాటితే నీళ్ళు. ఎండాకాలం వచ్చిందంటే తోటల్లో రాలిన జీడిపండ్లు ఏరుకుని చీకుతూ గౌన్లన్నీ మరకలు చేసుకునేవాళ్ళం, ఆ మరకలు ఎన్ని ఉతుకులకీ పోక తన్నులు తినేవాళ్ళం. పిక్కల్ని ఇసుకలో మంటపెట్టి కాల్చి, చిటపటమని రసం ఎగజిమ్ముతుంటే కేకలు వేస్తూ పరిగెత్తి, మళ్ళీ చల్లారక ముందే చుట్టూ మూగేవాళ్ళం. వానాకాలం వెళ్ళి ఎండ కాసే రోజుల్లో ఇసుక మీద ఎండబెట్టిన నెత్తళ్ళ చేపల్ని కాకులు ఎత్తుకుపోకుండా కాపలా కాయడం, కాపలా మరిచి ఎర్రపీతల వెంటపడడం, గంగమ్మ పండక్కి ఇంటింటా కొబ్బరికోరు బెల్లం ఉడికే వాసన ముక్కుకి తగిలితే ఎక్కడున్నా ఇంటికి పరుగెత్తడం, ఇవీ మా పనులు.

మా అరుగు మీద ఎప్పుడూ నాయనమ్మ ఉండేది. చుట్టని వెలిగించిన వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ, పొగ ముక్కులోంచి వదులుతూ, వచ్చేపోయేవాళ్ళందరినీ పలకరించేది. ఎవరి వలలో ఏం పడిందో, ఎవరి కోడలు పుట్టింటికి పోయిందో ఆమెకి అందరికంటే ముందు తెలిసేది. నాన్న ఆమెకి ఒక్కడే కొడుకు.

మా ఊరి మగవాళ్ళలో చాలామంది లాగే నాన్న కూడా ఏటా గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్ళేవాడు. వానలు మొదలయ్యాక వెళితే మళ్ళీ ఎండాకాలానికి వచ్చేవాడు. నేను మొదట నడిచినప్పుడు ఆయన లేడు. తమ్ముడు ఢిల్లేశు పుట్టినప్పుడూ లేడు. వాణ్ణి ఆయన మొదటిసారి ఎత్తుకునేసరికి వాడు బోర్లా పడి పాకుతున్నాడు. ఆ ఏడు మళ్ళీ వెళ్ళేముందు నాన్న పలాస వెళ్ళి కెమెరా ఉన్న చిన్న నొక్కుడు ఫోను కొనుక్కొచ్చి అమ్మ చేతిలో పెట్టాడు.

"నాను ఊల్లో నేనప్పుడు ఇంట్లో ఏటి జరిగిందో నాకు తెల్డం నేదు. రోజుకో ఫొటో తీసి ఉంచండి. ఏదో ఒకటి. ఒచ్చినాక అన్నీ సూత్తాను" అన్నాడు.

అమ్మకి ఫోను సరిగా పట్టుకోవడం వచ్చేది కాదు. బొటనవేలు అడ్డం పడి సగం ఫొటో నల్లగా వచ్చేది. అందుకని ఆ పని నాది అయింది. అప్పటికి నేను బళ్ళో ఐదో తరగతి చదువుతున్నాను. ఏం తీయాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి కనిపించిందల్లా తీశాను. అన్నం తింటూ నిద్రపోయిన తమ్ముడు. పొయ్యి ఊదుతూ కళ్ళు మూసుకున్న అమ్మ. మా పెరట్లో కాసిన మొదటి పనసకాయ, దాని పక్కన ఎత్తు సరిచూసుకుంటూ నిలబడిన తమ్ముడు. నాయనమ్మ మొదట్లో ఫోను చూస్తే మొహం తిప్పుకునేది. "నా మొకం ఏటి సూత్తాడే ఆడు, పుట్టినకాడ్నించీ సూత్తన్నాడు కదా" అనేది. కానీ నాలుగు రోజులు తనను తీయకపోతే అరుగు మీంచే కేకేసేది. "ఈయాల నన్ను తియ్యవేటే గుంటా?"

ఆ చలికాలంలో కబురొచ్చింది. నాన్న ఉన్న బోటు గాలికి సరిహద్దు దాటిపోయిందని, అవతలి దేశం వాళ్ళు పట్టుకుపోయి జైల్లో పెట్టారని. ఊరి ఆడవాళ్ళందరూ మా అరుగు మీద చేరి ఏడుస్తుంటే నాయనమ్మ మాత్రం చుట్ట ఆర్పేసి గోడకి ఆనుకుని కూర్చుంది, ఏడవలేదు. బతికున్నాడా అని ఒక్కటే అడిగింది. ఉన్నాడని చెప్పారు. ఎప్పుడు వదులుతారో ఎవరూ చెప్పలేకపోయారు.

ఆ సాయంత్రం ఏడ్చి ఏడ్చి వాచిన మొహంతో అమ్మ నన్ను పిలిచి ఫొటో తీశావా అని అడిగింది. తీయలేదన్నాను. ఇలాంటి రోజు ఎవరు తీస్తారు? అమ్మ లేచి దీపం కింద కూర్చుని, చెంగుతో మొహం తుడుచుకుని, "తియ్యి" అంది. అప్పటినుంచీ అది అమ్మకి మొక్కులాంటిది అయిపోయింది. ఒక్కరోజు తప్పినా నాన్న రాడేమో అన్నట్టు పట్టుకుంది. ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే పనికి కుదిరింది కూడా అప్పుడే. తుఫాను గాలికి కరెంటు పోయి ఫోను చచ్చిపోయిన రోజుల్లో, "బొమ్మ గియ్యి, నువ్వు బాగా గీత్తావు కదా" అనేది. పాత క్యాలెండరు కాగితాల వెనక పెన్సిలుతో ఆ రోజు ఇంట్లో జరిగిందేదో గీసేదాన్ని. చూరు కింద బిందెలు పెట్టి వాననీళ్ళు పట్టడం, తడిసిన కోళ్ళని నాయనమ్మ తన మంచం కిందికి తోలుకోవడం. గీసినవన్నీ అమ్మ ట్రంకుపెట్టెలో దాచేది.

నాయనమ్మ కాళ్ళు పొంగడం మొదట ఫొటోల్లోనే కనిపించింది. మా ఉద్దానంలో కాళ్ళు పొంగితే కిడ్నీలు చెడినట్టేనని పిల్లలక్కూడా తెలుసు. టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్ళారు, తీసుకొచ్చారు, మళ్ళీ తీసుకెళ్ళారు. ఆ తర్వాత ఇక వెళ్ళనంది. ఫొటో తీసేటప్పుడల్లా చీర కుచ్చిళ్ళు లాగి కాళ్ళు కప్పుకునేది. "ఆడికి కాల్లు కనబడనీకు" అనేది.

మరుసటి చలికాలంలో ఒక పొద్దున, ముందురోజు వానకి వాకిలి ఇంకా తడిగా ఉండగా, నాయనమ్మ పోయింది. అమ్మ తలకాడ కూర్చుని ఉంది, నాయనమ్మ చెయ్యి అమ్మ చేతిలో ఉంది. ఆమె కళ్ళు అమ్మే మూసింది. అరుగు మీద చాప వేసి పడుకోబెట్టారు. నాన్నకి వరసకు తమ్ముడయ్యే చిన్నాన్న తలకొరివి పెడతానన్నాడు. అందరూ చేరాక అమ్మ నా వైపు చూసి, "ఫోను తే" అంది.

మా వీధి పెద్ద ఒకాయన గట్టిగా అరిచాడు. "సచ్చినోల్లని ఫొటో తీత్తారేటి? నీ మొగుడు జైల్లో ఉన్నాడు, ఆడికి అరిట్టమని తెల్దా నీకు?"

తక్కినవాళ్ళూ అందుకున్నారు. ఎవరో అమ్మకి మతి పోయిందన్నారు. ఎవరో పట్నం పోకడలన్నారు. అమ్మ తలకాడి నుంచి లేవలేదు.

"రేపు మావ ఒచ్చి అమ్మేదని అడిగితే నానేటి సూపించాల? ఒట్టి మాటొకటి సెప్తే ఆడి కడుపు నిండుద్దా? ఆడు సూడాల. తియ్యే, పారోతీ."

తీశాను. తీస్తుండగా ఒక కోడిపెట్ట చాప మీదికి ఎక్కింది, ఎవరో అదిలించారు. ఆ తర్వాత చాలా రోజులు వీధిలో కొందరు అమ్మతో మాట్లాడలేదు.

ఎండలు ముదిరాక నాన్నని వదిలారు. పలాస స్టేషన్‌కి ఊరంతా వచ్చింది. రైలు దిగినవాళ్ళలో చిక్కిపోయి, గడ్డం పెరిగి, సంచి ఒకటి చంకన పెట్టుకున్న మనిషిని నేను ముందు గుర్తుపట్టలేదు. అమ్మ "మావా" అని ఒక్క కేక పెట్టి ఆయన చేతులు పట్టుకుంది. అది విని ఢిల్లేశు కూడా ఆయన లుంగీ పట్టుకుని "మావా, మావా" అన్నాడు. అందరూ నవ్వారు. నాన్న నవ్వబోయి ఆగిపోయాడు. సంచిలోంచి ఒక చిన్న పూసల సంచి తీశాడు. జైల్లో కూర్చుని తానే అల్లాడట, చుట్టలు పెట్టుకోవడానికి నాయనమ్మకని. దాన్ని చేతిలో పట్టుకుని జనంలోకి చూస్తూ, "అమ్మ రానేదేటి?" అన్నాడు. అమ్మ ఆ పూసల సంచిని ఆయన చేతిలోంచి తీసుకుని కళ్ళకద్దుకుంది. ఆయనకి అర్థమైపోయింది.

తర్వాతి రోజుల్లో నాన్న అరుగు మీద కూర్చుని ఫొటోలు చూడడం మొదలుపెట్టాడు. ఒక్కసారిగా కాదు, కొద్దికొద్దిగా. తమ్ముణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఒక్కో ఫొటో ఆపి, "ఇదెప్పుడు? ఈడికి పల్లెప్పుడొచ్చినాయి? ఈ పనసకాయ ఎవులు తిన్నారు?" అని అడిగేవాడు. బొమ్మలు కూడా వరసలో పెట్టుకున్నాడు. నాయనమ్మ కనిపిస్తే వేలితో ఆ చిన్న తెర మీద తుడిచేవాడు. చుట్టతో నవ్వుతున్న ఆమె, కాకుల్ని తిడుతున్న ఆమె, కుచ్చిళ్ళు లాక్కుంటున్న ఆమె. అలా ఒకరోజు ఆ ఫొటో దగ్గరికి వచ్చాడు.

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. నాన్న చాలాసేపు చూశాడు. తర్వాత గబగబా ఏదో నొక్కాడు.

"నాకు మాయమ్మ ఇలాగొద్దు" అన్నాడు.

ఆ ఫొటో పోయింది. "దానికోసం నాను ఎన్ని మాటలు పడినానో నీకు తెల్దు మావా" అని మాత్రం అని అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఫొటో తీశావా అని నన్ను అడగలేదు. మర్నాడూ అడగలేదు. మా ఇంట్లో రోజుకో ఫొటో తీయడం అలా ఆగిపోయింది. చిన్నాన్న ఆ ఫోనులో పాటలు ఎక్కించి తెచ్చాడు, అందరం పాటలు విన్నాం.

నాన్న మళ్ళీ బోటు పనికి వెళ్ళలేదు. ఒడ్డునే చిన్న వలతో పనిచేస్తూ, మాట తగ్గించేసి, తనలో తాను ఏదో వెతుక్కుంటున్న మనిషిలా తిరిగేవాడు. వానాకాలం గడిచాక, ఒక మధ్యాహ్నం వల కుడుతూ తల ఎత్తకుండా అడిగాడు.

"పారోతీ, ఆ ఫొటో మల్లీ రాదేటి?"

ఇద్దరం పలాస వెళ్ళాం. ఫొటో స్టూడియో అతను ఫోనులోని కార్డు తీసి కంప్యూటర్‌లో పెట్టి చాలాసేపు తంటాలు పడ్డాడు. అడగని పీతలూ ఆకాశాలూ ఏవేవో వచ్చాయి. అది రాలేదు. దాని మీద పాటలు పడిపోయాయని చెప్పాడు. ఇంటికొచ్చాక నాన్న క్యాలెండరు కాగితం ఒకటి చింపి నా ముందు పెట్టాడు.

"నువ్వు సూసినావు కదా. గియ్యి."

గీయడం మొదలుపెట్టాను. నాన్న నా పక్కనే చతికిలబడి ఒక్కొక్కటే అడిగాడు.

"ఏ సీర?"

"ఆకుపచ్చ అంచుది."

"కాల్లు పొంగే ఉన్నాయా?"

"నేదు నాన్నా. తగ్గిపోనాయి."

"వానేటి ఆ రోజు?"

"ముందురోజు. వాకిలి తడిగా ఉండింది. కోడిపెట్ట చాప ఎక్కేసింది, అదిలించినారు." నాన్న మొహంలో ఏదో కదిలింది, నవ్వులాంటిది. "దానికి అమ్మ కాడ అలవాటు" అన్నాడు. కోడిని కూడా గీయమన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"నానుంటే ఎక్కడ కూకుందును?"

"తలకాడ" అన్నాను. "కానీ అక్కడ అమ్మ కూకున్నాది కదా."

పొయ్యి దగ్గర చేపలు తోముతున్న అమ్మ, అప్పటిదాకా వినిపించుకోనట్టే ఉన్న అమ్మ, తల తిప్పకుండానే అంది.

"నన్ను పక్కకి జరుపు. మావని అక్కడ గియ్యి."

తుడిచి మళ్ళీ గీశాను. అమ్మని గోడవైపు జరిపి, తలకాడ నాన్నని కూర్చోబెట్టి, నాయనమ్మ చెయ్యి ఆయన చేతిలో పెట్టాను. నాన్న ఆ కాగితం తీసుకుని చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి గట్టిగా ఏడ్చాడు. స్టేషన్‌లోనూ, ఇంటికొచ్చాకా, కర్మల పేరు ఎత్తినప్పుడూ ఏడవని మనిషి, ఊరు వినేలా ఏడ్చాడు. అమ్మ చేప చేతులతోనే వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. నేను పెళ్ళయి పలాస వచ్చేశాక వచ్చిన పెద్ద తుఫాను పైకప్పునీ, ట్రంకుపెట్టెనీ, అందులోని బొమ్మల్నీ, ఫోన్నీ, గుమ్మం పక్క మేకుకి వేలాడుతుండే పూసల సంచినీ ఎత్తుకుపోయింది. కొబ్బరితోటలు వరసకి వరస పడిపోయాయి, ఆ నీడలు మళ్ళీ లేవలేదు. అడ్డపొగ తాగే ముసలమ్మలు ఊళ్ళో ఇద్దరో ముగ్గురో మిగిలారు. నాన్నా అమ్మా ఇప్పుడు శ్లాబు ఇంట్లో ఉంటున్నారు. ఢిల్లేశుకి ఈ మధ్యే పెళ్ళయింది.

పోయిన నెల నేను వెళ్ళినప్పుడు అందరం భోజనాలకి కూర్చున్నాం. కొత్త కోడలు మాటల్లో మాటగా నాయనమ్మ గురించి అడిగింది, ఎలా పోయిందని. అమ్మ వడ్డిస్తున్న గరిటె ఆగింది. నాన్న చెప్పడం మొదలుపెట్టాడు.

"పొద్దున్నే పోనాదమ్మా. ముందురోజు వాన, వాకిలంతా తడి. ఆకుపచ్చ అంచు సీర కట్టుకున్నాది. కాల్లు పొంగు తగ్గిపోనాయి. నాను తలకాడే కూకున్నాను. సెయ్యి నా సేతిలోనే సల్లబడిపోనాది."

ఢిల్లేశు తలదించుకుని వింటున్నాడు. వాడికి అప్పటి సంగతి ఏమీ గుర్తులేదు, నాన్న చెప్పిందే నిజం. నేను అమ్మ వైపు చూశాను.

"మీరు ఆయమ్మ కాడున్నారు కదా మావయ్యా, అదే సాలు" అంది కోడలు.

"అవునమ్మా" అంది అమ్మ, నాన్న కంచంలో చేప ముక్క వేస్తూ. "మావే ఉన్నాడు కాడ."