బావకు మోసుకెళ్ళిన స్కోర్లు

నాకు క్రికెట్ రాదు. చూడను, వినను, ఎవరు ఎటు పరిగెత్తితే ఎవరికి లాభమో ఈ రోజుకీ తెలియదు. అలాంటివాణ్ణి ఎనభైల చివర్లో ఒక ఏడాది, దాదాపు నాలుగు నెలలపాటు, వారానికి మూడుసార్లు తెనాలి నుంచి రేపల్లెకు స్కోరు మోసుకెళ్ళాను. రేపల్లెలో మా అక్కా బావా ఉండేవాళ్ళు. బావ అక్కడి హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆయన కాలేయంలో కేన్సర్ ఉందని గుంటూరులో డాక్టరు చెప్పాడు. బావకి కాదు, నాకు చెప్పాడు.

అప్పట్లో పద్ధతి అదే. "మీరు కాసేపు వరండాలో కూర్చోండి మాస్టారూ" అని రోగిని బయటికి పంపి, తలుపు దగ్గరికేసి, వెంట వచ్చినవాడికి చెప్పేవాళ్ళు. నాలుగైదు నెలలు అన్నాడు డాక్టరు. బయటికొచ్చి బావతో పచ్చకామెర్లు ముదిరాయట, పథ్యం చేస్తే తగ్గుతాయట అని చెప్పాను. బావ తలూపి, చొక్కా పైబొత్తాం పెట్టుకుని, బస్టాండుకు రిక్షా కావాలా, నడుద్దామా అని అడిగాడు.

అక్కకి మాత్రం ఇంటి వెనక పెరట్లో నిలబెట్టి నిజం చెప్పాను. ఏడవలేదు. మొహం కడుక్కుని వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. మాది లూథరన్ కుటుంబం, ఒట్లు వేయకూడదని చిన్నప్పటి నుంచీ నేర్పారు. అందుకని ఒట్టు అడగలేదు, మాటిమ్మంది. "మీ బావకి తెలియకూడదురా. తెలిస్తే మంచం మీదే బెంగతో పోతాడు. ఆయన పోయేదాకా ఆయనకి తెలియకూడదు." ఇచ్చాను. ఆ మాట ఇచ్చినందుకు నన్ను నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో లెక్కలేదు. కానీ ఆ క్షణంలో ఇంకెవరైనా ఇవ్వకుండా ఉండగలరా అంటే అదీ చెప్పలేను.

ఇక అక్క గుమ్మంలో కాపలా కూర్చుంది. పరామర్శకు ఎవరు వచ్చినా ముందు బయటే ఆపి, "జబ్బు మాట ఎత్తకండి. ఆటల సంగతి మాట్లాడండి, ఆయనకి ఆటలంటే ప్రాణం కదా" అని చెప్పి లోపలికి పంపేది. బావ ఆట బాల్ బాడ్మింటన్. పసుప్పచ్చ ఉన్ని బంతి, జట్టుకు ఐదుగురు, మట్టి కోర్టు. బాపట్లలో చదువుకునే రోజుల నుంచీ ఆడుతున్నాడు. మొదటి వారంలోనే ఒక తోటి మాస్టారు వచ్చి, "మళ్ళీ కోర్టులోకి ఎప్పుడు దిగుతారండి?" అనేశాడు. బావ తన కుడిచేతిని దుప్పట్లోంచి తీసి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఆ చేతికి అప్పటికే గడియారం నిలవడం లేదు. అక్క ఆ సాయంత్రం నుంచే బాడ్మింటన్ మాట నిషేధించింది.

మిగిలింది క్రికెట్. అందులో ఆడేది ఎవరో, ఎక్కడో. బావ ఒంటితో దానికి సంబంధం లేదు. ఒకే ఒక్క చిక్కేంటంటే, బావకి క్రికెట్ అంటే ఒళ్ళుమంట. "భోజనానికి ఆపే ఆట కూడా ఒక ఆటేంటిరా" అని జీవితమంతా వెక్కిరించిన మనిషి. ఆ మనిషి మంచం చుట్టూ చేరి మేమంతా క్రికెట్ మాట్లాడటం మొదలుపెట్టాం. ఇంతకంటే తెలివితక్కువ ఏర్పాటు ఎవరికైనా తడుతుందా? మాకు తట్టింది, నాలుగు నెలలు నడిపించాం కూడా.

నేను తెనాలిలో ఒక ఆఫీసులో గుమాస్తాని. సాయంత్రం ఆఫీసు వదలగానే స్టేషనుకు వెళ్ళేవాణ్ణి. టీ కొట్టులో రేడియో ఉండేది. ఆ కొట్టాయన అడక్కుండానే "రెండొందల ముప్పై, ఆరు పడ్డాయండి" అనేవాడు. దాన్ని రేపల్లె టికెట్టు వెనక రాసుకునేవాణ్ణి. పాసింజరులో ముక్కూ మొహం తెలియనివాడు కూడా "స్కోరెంతండి?" అని అడిగి, చెప్పగానే జరిగి చోటిచ్చేవాడు. అక్కణ్ణుంచి ఏ ఊరు, ఏం పని, పిల్లలెందరు, వాళ్ళ నాన్న ఆపరేషన్ ఎలా జరిగింది, అన్నీ వచ్చేవి. వేమూరు దాటేలోపు ఒక మనిషి జీవితం తెలిసిపోయేది. రేపల్లెలో దిగి బావ గదిలోకి వెళ్ళాక అదే స్కోరుతో మాట మొదలై అక్కడే ఆగిపోయేది.

ఒకరోజు కొల్లూరు నుంచి బావ వాళ్ళ పిన్ని అరటిపళ్ళ అత్తం పట్టుకుని వచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి, క్రికెట్ అనే మాటకే నోరు తిరగదు. అక్క గుమ్మంలో పాఠం చెప్పి పంపింది. పిన్ని మంచం పక్కన కూర్చుని, కళ్ళనీళ్ళు మింగుకుని, "ఏం నాయనా, మనోళ్ళు గెలిచారా?" అంది. ఆ వారం అసలు ఆటే లేదు. నేను నేల చూపులు చూశాను. బావ పిన్ని చెయ్యి నిమిరి, "గెలిచారు పిన్నీ, బాగా ఆడారు" అన్నాడు. ఆ తర్వాత నా వైపు చూశాడు. ఆ చూపుతో నాకు అర్థమైపోయింది, ఆయనకి అంతా తెలుసని. కొల్లూరు పిన్ని కూడా ఆటల గురించి అడగాల్సి వచ్చిందంటే జబ్బు ఏ పాటిదో ఎవరికి తెలియదు?

ప్రార్థన చేయడానికి వచ్చిన పాస్టరు గారినీ అక్క వదల్లేదు. ఆయన కూడా రెండు నిమిషాలు ఓపెనింగ్ బ్యాట్స్‌మన్ గురించి మాట్లాడి, త్వరగా స్వస్థపరచు ప్రభువా అని చిన్న ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. బావ ఆమెన్ అన్నాడు. పాస్టరు వెళ్ళిన తర్వాత చాలాసేపు తలుపు వైపే చూస్తూ పడుకున్నాడు. పాస్టరు గారితో ఏదో చెప్పుకోవాలని ఉండిందేమో, నేను అడగలేదు.

మూడో నెల చివర్లో ఒక శనివారం మధ్యాహ్నం వెళ్ళాను. అక్క మందుల షాపుకు వెళ్ళింది. ఇంట్లో మేమిద్దరమే. బావ తలుపు దగ్గరికి వెయ్యమన్నాడు. వేసి వచ్చాను.

"మా అమ్మ సమాధి బాపట్లలో ఉంది కదరా" అన్నాడు.

"అవును బావా."

"దాని పక్కన కాస్త చోటుంది. నేను కిందటేడు చూసొచ్చాను. మీ అక్కతో నేను అనలేను, అంటే అది తట్టుకోలేదు. నువ్వు..."

తర్వాత ఏం రాబోతోందో నాకు తెలుసు. తెలిసే చేశాను, అదీ నా బాధ. నా గొంతు నాకే వినపడనంత భయంతో, "బావా, నిన్న మనవాళ్ళు భలే ఆడారు తెలుసా" అన్నాను.

ఆయన నోరు అలాగే తెరిచి ఉంది. "అలాగా, ఎంత కొట్టారేంటి?" అన్నాడు.

"రెండొందల డెబ్బై."

"ఎంతమంది అవుటయ్యారు?"

"ఐదుగురు."

"ఐదుగురేనా? అయితే ఫర్లేదు" అన్నాడు. పక్కనున్న తువ్వాలు తీసి నాకిచ్చాడు. "మొహం తుడుచుకో, చెమటలు పట్టాయి నీకు."

ఎవరు ఎవర్ని ఓదార్చాలి? చచ్చిపోతున్న మనిషి నా భయం చూసి జాలిపడి, తనకి అసహ్యమైన ఆట గురించి ఎదురు ప్రశ్నలు వేశాడు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నోరు తెరిచి "ఇందాక ఏదో చెప్తున్నావు బావా" అని ఒక్క మాట అనలేకపోయాను. ఈలోపు గేటు చప్పుడైంది, అక్క వచ్చేసింది.

ఆ రోజు తర్వాత నేను గదిలో అడుగు పెట్టగానే ఆయనే ముందు "ఏరా, స్కోరెంత?" అనేవాడు. నన్ను ఇబ్బంది పెట్టకూడదని. వచ్చేసారి అక్క లేని వేళ చూసి అడగాలని ప్రతిసారీ రైల్లో అనుకునేవాణ్ణి. కానీ తర్వాత అక్క ఆయన్ని వదిలి కదల్లేదు. చివరి పది రోజులూ ఆయన మగతలోనే ఉన్నాడు.

ఒక మంగళవారం పొద్దున ఆఫీసుకు కబురొచ్చింది. నేను రేపల్లె చేరేసరికి ఊరి సమాధుల తోటలో గొయ్యి తవ్వుతున్నారు. సంఘ పెద్దలు సాయంత్రం నాలుగింటికి అని నిర్ణయించారు. బాపట్ల ఎంత దూరం? వ్యాను మాట్లాడుకుంటే చీకటి పడకముందే వెళ్ళొచ్చు. నేను ఒక్క మాట అంటే చాలు. అక్క పక్కన కూర్చున్నాను, అందామనే కూర్చున్నాను.

అక్క నా చెయ్యి పట్టుకుని, "ఏమీ తెలియకుండానే పోయాడురా. ఆ ఒక్క బాధ ఆయనకి లేకుండా చేశాం. నీ వల్లే అయింది" అంది. తర్వాత, "నీతో ఆఖరుసారి ఏం మాట్లాడాడు?" అని అడిగింది.

బాపట్ల పేరెత్తితే, ఆయనకి అంతా తెలుసని అక్కకి తెలిసిపోతుంది. నాలుగు నెలలుగా తను పడ్డ పాటు మొత్తం గంగలో పోసినట్టవుతుంది. పైగా ఆయన ఒంటరిగా ఆ భయాన్ని మోశాడని జీవితాంతం తలుచుకుంటుంది.

"స్కోరడిగాడక్కా" అన్నాను.

అక్క తలూపింది. నాలుగింటికి బావని రేపల్లెలో పూడ్చిపెట్టాం.

ఆ తర్వాత రెండేళ్ళకు బాపట్లలో ఒక పెళ్ళికి వెళ్ళి, సమాధుల తోటలోకి కూడా వెళ్ళాను. బావ వాళ్ళమ్మ సమాధి పక్కన చోటు నిజంగానే ఉంది, ఒక మనిషికి సరిపడా. గడ్డి మొలిచి ఉంది. తొంభైల్లో ఇంకోసారి వెళితే అక్కడ ఎవరిదో కొత్త సమాధి, సిమెంటు ఇంకా తెల్లగా ఉంది.

అదే ఏడు ఈస్టరుకు రేపల్లె వెళ్ళాను. తెల్లవారుజామున అందరితోపాటు పూలూ కొవ్వొత్తులూ పట్టుకుని అక్కా నేనూ బావ సమాధి దగ్గరికి వెళ్ళాం. అక్క సున్నం వేసిన గట్టు మీద చెయ్యి ఆనించి కూర్చుంది.

"పాస్టరు గారికి చెప్పానురా, నా చోటు మీ బావ పక్కనే ఉంచమని. రేపు నాకేదైనా అయితే నువ్వే చూసుకోవాలి" అంది.

ఈసారి నేను మాట మార్చలేదు. "ఏ వైపక్కా?" అని అడిగాను.

ఎడమ వైపు చూపించింది. ఏ చీర కట్టాలో, ఏ కీర్తన పాడాలో, ఎవరెవరికి కబురు పంపాలో, ఎవరికి పంపనక్కర్లేదో, అన్నీ వరసగా చెప్పింది. కొవ్వొత్తి అయిపోయేదాకా చెప్పింది. చెప్పినంతసేపూ విన్నాను. బావ నాతో చెప్పాలనుకున్నది ఒక్క వాక్యం. దానికి అర నిమిషం కూడా పట్టేది కాదు.