జయరావు రాసిన ఒక్క నిజం

గుంటూరులో విలేకరులందరికీ జయరావు ‘పీఆర్వో గారు’. ఓ మిరప విత్తనాల కంపెనీలో ఇరవై ఆరేళ్లుగా అదే ఉద్యోగం. స్కూటరు మీద పత్రికాఫీసులన్నీ తిరిగి, ప్రెస్‌నోట్లు ఇచ్చి, టీ తాగి, ఎవరి తల్లికి కంటి ఆపరేషనైందో కనుక్కుని మరీ వచ్చేవాడు. కంపెనీ మీద చెడ్డవార్త పడబోతోందంటే ముందే కబురందేది. వెళ్లి బతిమాలేవాడు, ఒక్కోసారి పోట్లాడేవాడు. అయితే అబద్ధం రాసిస్తే మర్నాడు మళ్లీ ఆ మనిషి మొహమే చూడాలి. ఆ జంకు వల్ల కొంచెం ఒళ్లు దగ్గర పెట్టుకునే రాసేవాడు.

తర్వాత రోజులు మారాయి. తెలిసిన విలేకర్లు ఒక్కొక్కరే ఉద్యోగాలు మానేశారు. వార్త ఫోన్లలోకి వెళ్లిపోయింది. యాభై నాలుగేళ్ల జయరావు, పోనీలే అని ఫోన్లోనే పోస్టులు పెట్టడం నేర్చుకున్నాడు. ‘పల్నాడు మిర్చి రైతు’ అని ఓ పేజీ తెరిచి వాన కబుర్లూ, యార్డు ధరలూ పెడుతుంటే నలభై వేల మంది చేరారు. అది కంపెనీ పేజీ అని ఎవరికీ తెలియదు. తెలియకూడదనే తెరిచింది కూడా.

ఆ ఏడు డిసెంబరులో, సత్తెనపల్లి దగ్గర ఊరి నుంచి కరీమున్ అనే ఆవిడ ఆఫీసుకి ఫోన్ చేసింది. కంపెనీ విత్తనం వేస్తే మొక్క నడుం ఎత్తు పెరిగిందనీ, కాయ మాత్రం పట్టలేదనీ చెప్పింది. జయరావు వివరాలు రాసుకున్నాడు. “పొలం మీ పేరు మీదేనామ్మా?” అని అడిగాడు.

“కాదు సారూ, కౌలు. ఆసామి నరసరావుపేటలో ఉంటాడు. పేరు బయటికొస్తే ఆయనకి కోపం. మీతో కాబట్టి చెబుతున్నా.”

“నా దగ్గర చెబితే ఎక్కడికీ పోదమ్మా,” అన్నాడు జయరావు. అన్నప్పుడు ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

వారమైనా కంపెనీ నుంచి ఎవరూ రాకపోయేసరికి, కరీమున్ ఆ చేలోనే నిలబడి వీడియో తీయించి పెట్టింది. ఒక్కో కొమ్మా వంచి, “చూడండయ్యా, ఇందులో ఒక్క కాయన్నా ఉందేమో చెప్పండి” అంది. మూడు రోజుల్లో నాలుగు లక్షల మంది చూశారు.

మేనేజరు ప్రసన్నకుమార్ జయరావుని పిలిపించాడు. “మీ ప్రెస్‌నోట్ చదివే వాళ్లెవరండీ ఇప్పుడు? ఫోన్లో పుట్టింది ఫోన్లోనే చావాలి. మీ వల్ల కాదంటే చెప్పండి, హైదరాబాదులో ఏజెన్సీకి ఇచ్చేస్తాం.”

జయరావు తన సీట్లోకి వచ్చి కూర్చుని, మిర్చి రైతు పేజీలో ఇలా రాశాడు: ‘ఈమె చూపిస్తున్న పొలం ఈమెది కాదు. కావాలంటే విచారించుకోండి. ఎవరి పొలం చూపించి ఎవరిని మోసం చేస్తోంది?’

రెండుసార్లు చదువుకున్నాడు. అందులో చెప్పిన సంగతి అబద్ధం కాదు కదా అనుకున్నాడు. పని తెలిసినవాడి తృప్తి కూడా కలిగింది.

సాయంత్రానికల్లా జనం కరీమున్ మీద పడ్డారు. దొంగ ఏడుపన్నారు, పరిహారం కోసం నాటకమన్నారు, ఆమె మతాన్నీ లాగారు. మేనేజరు జయరావుకి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఇంటికొచ్చి అన్నం తింటుంటే, బళ్లో టీచరుగా చేసే భార్య శాంతి ఫోన్ చూస్తూ, “పాపం ఎవరండీ ఈవిడ? ఆ రాసినవాడు ఎంత వంకర మనిషో!” అంది. జయరావు మజ్జిగ కలుపుకుని తిన్నాడు.

పది రోజులకి గోల చల్లారింది. కంపెనీ తరఫున కరీమున్ పొలం చూసొచ్చినట్టు ఒక ఫోటో తీసుకురమ్మని మేనేజరు జయరావునే పంపాడు.

ఆమె ఇంటి ముందే నవారు మంచం వాల్చింది. గొంతు విని గుర్తుపట్టి, “ఫోన్లో మాట్లాడిన సారు మీరే గదా! ఆ కంపెనీలో నా మాట చివరిదాకా విన్నది మీరొక్కరే,” అని టీ ఇచ్చింది. జయరావుకి ఆ గ్లాసు ఎక్కడ పెట్టాలో తోచలేదు.

“పొలం చూడొచ్చామ్మా?”

“ఇంకేం పొలం సారూ. ఊరంతా కౌలు మాట అనేసరికి, రేపు హక్కంటానేమోనని ఆసామి హడలిపోయాడు. తీసేసుకున్నాడు. పదకొండేళ్లు చేశా ఆ చేను.” ఆమె ఎదురింటి వైపు చూసి గొంతు తగ్గించింది. “ఆ రాసింది అల్లాబక్షు అన్నేనని నా అనుమానం. వరసకి అన్న. మందు కొట్టే మిషను కూడా ఆయనే ఇచ్చేవాడు. కౌలు సంగతి ఆయనకి తప్ప బయట ఎవరికి తెలుసు? మొన్న నలుగుర్లో తిట్టేశా. ఆయన ఇంట్లోకి వెళ్లిపోయాడు. సారూ, మీరు చదువుకున్నోళ్లు. అది రాసిందెవరో కనుక్కుని చెప్పరూ?”

జయరావు “చూస్తానమ్మా” అన్నాడు. ఫోటో తీయకుండానే లేచి స్కూటరెక్కాడు. ఊరి చివర పత్తి జిన్నింగు మిల్లు దాకా వెళ్లాక బండి ఆపేశాడు. బయట ఎవరికి తెలుసు అని అడిగేటప్పుడు ఆమెకి జయరావు గుర్తే రాలేదు. అనుమానించి ఉంటే తిట్టేది, తిడితే భరించేవాడు. నమ్మడాన్ని భరించలేకపోయాడు.

బండి తిప్పాడు. నేరుగా అల్లాబక్షు గుమ్మంలోకి వెళ్లి అతన్ని బయటికి పిలిచాడు. కరీమున్ కూడా వచ్చింది.

“అది రాసింది ఈయన కాదమ్మా. నేను.”

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. “మీరా? మీరెందుకు రాస్తారు?”

“నా ఉద్యోగం అది. మీరు చెప్పిన మాటే మీ మీదికి తిప్పాను.”

అల్లాబక్షు అరుగు మీద కూలబడ్డాడు. “మా గుమ్మంలో చెబితే ఏం లాభం?” అంది కరీమున్. “ఎక్కడ రాశారో అక్కడే చెప్పండి. పేరు పెట్టి చెప్పండి.”

అక్కడే, ఆ అరుగు ముందే, జయరావు ఫోన్ ఎత్తి తన మొహం కేసి తిప్పుకున్నాడు. కంపెనీ మాటలు ఇన్నేళ్లు రాశాడు గానీ వాటి కింద తన పేరు ఏనాడూ లేదు. పేరు చెప్పాడు, కంపెనీ చెప్పాడు, ఆ పేజీ ఎవరిదో చెప్పాడు. “ఈవిడ అబద్ధం ఆడలేదు. నేను నిజాన్ని అబద్ధంలా వాడాను,” అన్నాడు. రెండుసార్లు మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆ వీడియోని ఆ పేజీలోనే పెట్టాడు.

గంటలోపే ఆఫీసు వాళ్లు దాన్ని తీసేశారు. మర్నాడు ఉద్యోగమూ పోయింది. తన సొంత ఖాతాలో మళ్లీ పెడితే పదకొండు వందల మంది చూశారు. నింద చేరిన ఇళ్లలో నూటికి ఒక ఇంటికైనా ఈ మాట చేరలేదని అతనికి తెలుసు. ఆ లెక్క ఎలా పనిచేస్తుందో అతనికన్నా బాగా తెలిసినవాళ్లు తక్కువ.

కరీమున్‌కి ఆ చేను తిరిగి రాలేదు. అల్లాబక్షు తన పొలంలోనే ఆమెకి అరెకరం విడిచాడు. కాయ పట్టని విత్తనం మీద మండల ఆఫీసులో ఇవ్వాల్సిన ఫిర్యాదు జయరావే రాసి, రెండుసార్లు తిరిగి ఇచ్చొచ్చాడు. రాసిన రోజు ఆమె దాని మీద వేలిముద్ర వేసేముందు, “మొత్తం చదివి వినిపించండి” అంది. అతను చదివాడు. “మళ్లీ చదవండి” అంది. ఎదురుగా కూర్చున్న అల్లాబక్షు అక్షరాలు వచ్చినవాడు. కాగితం అందుకుని తనూ ఒకసారి చూశాడు. జయరావు తల వంచుకుని, వాళ్లు చూసేదాకా ఆగాడు.