మాస్ట్రో మాట్లాడకూడదన్నారు

మా మాస్ట్రో పోయారు. పోయిన నెల ఒకరోజు పొద్దున్న పిల్లలకి లంచ్ బాక్సులు సర్దుతుంటే, ఆర్కెస్ట్రాలో నా పక్క కుర్చీ ఆవిడ ఫోన్ చేసింది. "మాస్ట్రోకి హార్ట్ ఎటాక్" అంది. నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. మా ఆర్కెస్ట్రా బోర్డు మీద మంట, ఆయన మీదా మంటే.

మీలో చాలామందికి ఆయన తెలియకపోవచ్చు. వెస్ట్రన్ క్లాసికల్ అంటే మనవాళ్లు ఆమడ దూరం ఉంటారు కదా! యూరప్‌లో పుట్టి, యుద్ధం అయ్యాక ఈ దేశం వచ్చి, మహా మహా ఆర్కెస్ట్రాలని నడిపిన కండక్టరాయన. ఆయన రికార్డులు ఇప్పటికీ రేడియోలో వస్తుంటాయి. అంతటి మనిషి వయసు మళ్లాక, మేముండే అరోరాకి దగ్గర్లో ఉన్న ఓ చిన్న ఆర్కెస్ట్రాకి వచ్చి చేరారు. ఎందుకొచ్చారు మాస్ట్రో అంటే, "అక్కడ అందరికీ అన్నీ వచ్చు. ఇంక నాతో ఏం పని?" అనేవారు.

నాది సెకండ్ వయొలిన్లలో చిట్టచివరి కుర్చీ. మా నాన్న దగ్గర నేల మీద కూర్చుని కర్ణాటక సంగీతం నేర్చుకున్న చెయ్యి. పెళ్లయి ఇక్కడికొచ్చాక వాళ్ల పద్ధతి నేర్చుకున్నాను గానీ, డెబ్భైల చివర్లో ఆడిషన్‌కి వెళ్లినప్పుడు కంగారులో ఒక స్వరం మీంచి ఇంకోదాని మీదకి జారిపోతూ గమకాలు వేసేశాను. ఇంకొకరైతే థాంక్యూ చెప్పి పంపేసేవారు. ఆయన నవ్వి, "ఆ జారుడు పారెయ్యకు. దాచుకో. కావలసినప్పుడు నేనే అడుగుతాను" అన్నారు. నిజంగానే రెండో ఏడు అడిగారు.

ఆ చెవి ఏం చెవో! అంతమందిమి ఒక్కసారి వాయిస్తుంటే ఆపేసి, "వెనక వరసలో ఎవరిదో తీగ శ్రుతి దిగింది" అనేవారు. చూసుకుంటే నాదే. కొందరు కండక్టర్లు పోడియం ఎక్కితే ఈగలు తోలుతున్నట్టు ఉంటుంది. ఆయన మోచేతులు ఒంటిని వదిలేవి కావు. అందరం హోరెత్తించాల్సిన చోట చేతిలోని బ్యాటన్ పుల్ల స్టాండు మీద పెట్టేసి ఊరికే మావైపు చూసేవారు. ఆ చూపుకి ట్రంపెట్ల వాళ్లు కూడా కుర్చీల అంచుకి వచ్చేసేవారు. "గట్టిగా వాయించడం ఎవరికైనా వచ్చు. పక్కవాడు వినపడేలా వాయించు" అని ఎన్నిసార్లు చెప్పుంటారో.

అంతా బాగానే ఉండేది, ఆయన మాట్లాడకుండా ఉంటే. ఎనభైల మొదట్లో అణుబాంబుల పోటీ ముదిరింది. ప్రతి కాన్సర్ట్‌లోనూ ఇంటర్‌మిషన్ అయ్యాక జనం వైపు తిరిగి, "ఈ హాలు, ఈ సంగీతం, మీ పక్కనున్న మనిషి, అన్నీ ఒక్క బాంబుతో పోతాయి. మనల్ని కాపాడ్డానికే చేస్తున్నామంటోంది ప్రభుత్వం. ఇంక చాలని చెప్పండి" అనేవారు. కొందరు చప్పట్లు కొట్టేవారు, కొందరు కోట్లు తగిలించుకుని వెళ్లిపోయేవారు. "హాయిగా ఆ పుల్ల ఊపుకోక ఈయనకెందుకండీ ఈ గొడవ!" అనేవారు మావారు. బోర్డు వాళ్లూ మర్యాదగా అదే అన్నారు. ఆయన వినలేదు. వాళ్లు కాంట్రాక్ట్ రెన్యూ చెయ్యలేదు.

ఆఖరి కాన్సర్ట్ అయ్యాక చప్పట్లు మోగుతుంటే, మమ్మల్ని కూడా లేవమని చెయ్యెత్తారు. ఎవ్వరూ లేవలేదు. ఈ చప్పట్లన్నీ మీకేనని చెప్పడానికి ఆర్కెస్ట్రా వాళ్లు అలా కూర్చుండిపోతారట. అంతకంటే పెద్ద గౌరవం లేదట. నాకేం తెలుసు? గురువుగారు నిలబడి ఉంటే మనం కూర్చోవడమేమిటని నేనొక్కదాన్నే వయొలిన్ పట్టుకుని లేచి నిలబడ్డాను. హాలంతా నన్నే చూస్తోంది. పక్కావిడ నా చీర కొంగు పట్టుకుని లాగుతోంది. మాస్ట్రో వరసలన్నీ దాటుకుని వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపారు. ఆయన కళ్లలో నీళ్లు.

తరవాత ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే మాట. మాతో చెయ్యాలనుకున్న సింఫనీ ఒకటి మిగిలిపోయింది, అదొక్కటీ చేస్తే చాలని. పోయినేడు బోర్డుకి కొత్త చైర్మన్ వచ్చాడు. ఒక్క కాన్సర్ట్‌కి రమ్మని పిలిచాడు, అదే సింఫనీకి. ఉపన్యాసం మాత్రం ఉండకూడదన్నాడు.

నేను పులిహోర పట్టుకుని మాస్ట్రో వాళ్లింటికి పరిగెత్తాను.

"ఒప్పుకోండి మాస్ట్రో, మీకు పుణ్యముంటుంది. రెండు నిమిషాలు ఊరుకుంటే ఏం పోతుంది?"

ఆయన పులిహోరలో పల్లీలన్నీ ఏరుకుని తిన్నారు.

"మా దేశంలో ఒకసారి ఊరుకున్నాను. ముందు వరసలో యూనిఫాంల వాళ్లు కూర్చుంటే కండక్ట్ చేశాను. చాలా బాగా చేశాను, తెలుసా? నాకు సంగీతం చెప్పిన మాస్టారిని అదే వారంలో పట్టుకుపోయారు."

"ఇది ఆ దేశం కాదుగా!"

"నోరు మాత్రం అదే."

స్టవ్ దగ్గరున్న ఆయన భార్య ఇటు తిరక్కుండానే, "ఊరుకోమ్మా, నేను ఎప్పుడో అడగడం మానేశాను" అంది.

రానని చెప్పేశారు. ఆ సింఫనీ చెయ్యకుండానే పోయారు. ఒప్పుకుని ఉంటే ఎంత బాగుండేది అని రోజూ అనుకుంటున్నాను. వంట చేస్తూ అనుకుంటున్నాను, కార్‌లో అనుకుంటున్నాను. నాకీ బాధ తీరేది కాదు.

సంతాపసభ అదే హాల్లో పెట్టారు. ఆ సింఫనీలో నెమ్మదిగా సాగే భాగం వాయిద్దామని మేమంతా స్టేజీ మీద సిద్ధంగా కూర్చున్నాం. ఆయన్ని రెండు ముక్కలు మాట్లాడనివ్వని చోట ఒకరి తరవాత ఒకరు మైకు పట్టుకుని మాట్లాడుతూనే ఉన్నారు. ధైర్యం అన్నారు, శాంతి అన్నారు, మన నగరానికి అంతరాత్మ అన్నారు. చైర్మన్ అందరికంటే ఎక్కువసేపు మాట్లాడాడు. చివరికి ఆయన భార్యని కూడా రెండు మాటలు చెప్పమన్నాడు.

ఆవిడ మెల్లిగా మెట్లెక్కి వచ్చింది. మైకు మెడ మీద వేళ్లతో తడిమి, స్విచ్ వెతుక్కుని ఆపేసింది. మావైపు తిరిగి, "ఇంక మీరు వాయించండి" అంది. ఆ మాట మాకు తప్ప ఎవరికీ వినపడలేదు.