జర్మనోని కోసం మా ఇంటి ప్రార్థన

మొన్న కరీంనగర్‌లో మనుమడు ఫోనులో ఏదో యుద్ధం కథ చూస్తుంటే పక్కన కూర్చున్నాను. ఒక జర్మన్ జలాంతర్గామి కమాండరు ఎన్ని ఓడలు ముంచాడో, ఎన్ని పతకాలు అందుకున్నాడో, చివరికి తన మనుషులతో సహా ఎలా సముద్రం పాలయ్యాడో చెబుతున్నారు. వాడికది కథ. నాకు మాత్రం మా అత్తవారింట్లో ప్రతి సాయంత్రం తలచుకున్న, పేరైనా తెలియని ఇంకో జర్మన్ కమాండరు గుర్తొచ్చి మనసు బరువెక్కింది.

నేను డెబ్బైలలో మంచిర్యాలకు కోడలిగా వచ్చాను. మా మామగారు పడుచు వయసులో, పెద్ద యుద్ధం రోజుల్లో, బావమరిదిని వెంటబెట్టుకుని బొంబాయి పోయి, సరుకుల ఓడలో బాయిలరుకు బొగ్గు వేసే పనిలో చేరారట. జలాంతర్గామి దెబ్బకు ఓడ మునిగినప్పుడు బావమరిది కింద బాయిలరు దగ్గరే ఉండిపోయాడు. మామగారు ఎలాగో చిన్న పడవ ఎక్కితే, ఓడను ముంచిన ఆ జలాంతర్గామే నీళ్ల మీదికి తేలిందట. దాని కమాండరు, గడ్డం మాసిన కుర్రవాడు, మంచినీళ్ల డబ్బా, రొట్టెలు అందించి, ఒడ్డు ఎటుందో చేయి చాచి చూపి వెళ్లిపోయాడట. అతని యుద్ధమంతటిలో మా ఇంటికి తెలిసింది ఆ కాసేపే.

మా మెథడిస్టు ఇళ్లలో సాయంత్రం ప్రార్థన ముగిసి, అందరూ ఆమెన్ అన్నాకే కంచాలు పెట్టేవాళ్లం. మామగారు జబ్బుపడ్డవాళ్లను, చూడి బర్రెలను, పరీక్షలు రాసే పిల్లలను పేరుపేరునా ప్రభువుకు అప్పజెప్పి, ఆఖరున "గా జర్మనోన్ని గూడ సల్లగ సూడు తండ్రీ" అనేవారు. అంతే, అత్తమ్మ కొంగు దులుపుకుని వంటింట్లోకి పోయేది.

"నాకు పాణం పోసిండే," అనేవారు మామగారు.

"నీకు డబ్బెడు నీళ్లిచ్చిండు, మా తమ్మునికి సముద్రమంత ఇచ్చిండు. నేను ఆమెన్ అన," అనేది అత్తమ్మ. కొత్త కోడలిని, నేను ఆమెన్ అంటే అత్తమ్మకు కోపం, అనకపోతే మామగారు చిన్నబుచ్చుకుంటారు. పెదవులు కదిపి ఊరుకునేదాన్ని. ఈలోగా చారు చల్లారిపోయేది. అత్తమ్మ నోట ఒక్కసారి ఆ ఆమెన్ వినాలని మామగారికి ఎంత ఆశో, వంటింటి వైపు ఆయన చూసే చూపులోనే తెలిసేది.

ఎనభైల దశకం వచ్చేసరికి ఆయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు, ప్రార్థన ఎవరు చేస్తారని మేము ముఖాలు చూసుకుంటుంటే అత్తమ్మే మంచం పక్కన మోకరించింది. వాడకట్టులో అందరి పేర్లూ చెప్పి ఆగింది. మామగారు ఆమె ముఖమే చూస్తున్నారు. కొంగు నలుపుకుంటూ, "గా జర్మనోడు ఉన్నడో లేడో నాకెర్క లేదు తండ్రీ. ఆనికి గూడ ఒక అక్క ఉంటది గదా. గా అక్కనన్న సల్లగ సూడు, ఆమెన్," అంది. మామగారి కళ్ల నుంచి నీళ్లు కారిపోయాయి. మేమందరం గట్టిగా ఆమెన్ అన్నాం, నేనైతే ఏడుపు ఆపుకోలేకపోయాను.

ఇప్పుడు ఎవరి కంచం వాళ్లు పట్టుకుని తోచిన చోట కూర్చుని తింటున్నారు. టీవీలో ఎక్కడో ఓడ మునిగిందంటే, అది మనది కాకుంటే చాలు, మా ఇంట్లోనే చప్పట్లు. అత్తమ్మ ఉంటే "ఆళ్లకు గూడ ఒక అక్క ఉంటది గదా" అని ఒక్క మాటతో అందరి నోళ్లూ మూయించేది. ఆ మాట నాకూ నోటిదాకా వస్తుంది గాని, ఈ వయసులో మనకెందుకులే అనుకుని అన్నం కలుపుకుంటున్నాను.