చిన్నలంకలో నీటి వైపు ముక్క

1954 నవంబరు ఇరవై రెండో తేదీ, సోమవారం, పొద్దున ఏడున్నర గంటలకు మేము చిన్నలంకలో పడవ దిగాం. పి.గన్నవరానికి దిగువన, గోదావరి వైనతేయ పాయ నడుమ ఉండేది ఆ లంక. నేను అప్పుడు సర్వే శాఖలో చైనుమాన్ని. అంటే కొలత గొలుసు మోసేవాణ్ణి, పట్టేవాణ్ణి. గొలుసు పొడుగు అరవై ఆరు అడుగులు, వంద లింకులు. ఒక కొస నేను పడితే రెండోది నా జోడీ అప్పన్న పట్టేవాడు. కొలత రాసుకునేది సర్వేయరు సుబ్బారాయుడు గారు. అంతా దగ్గరుండి చేయించేది రెవెన్యూ ఇనస్పెక్టరు రామశేషయ్య గారు. నా కింద ఎవరూ లేరు.

లంకలో సర్కారు భూమి నాలుగున్నర ఎకరాలు. సొంతానికి సెంటు నేల లేని తొమ్మిది కూలి కుటుంబాలకి తలా అర ఎకరం డి-పట్టా ఇమ్మని ఉత్తర్వు. డి-పట్టా భూమి దున్నుకు తినొచ్చు, అమ్మకూడదు, చేతులు మార్చకూడదు. తొమ్మిదిమందిలో ఆడమనిషి ఒక్కతే, మాలక్ష్మమ్మ. మొగుడు పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు. ఊడ్పులకి వెళ్ళి వాళ్ళని సాకేది. ఈ అర ఎకరంలో మిరప వేస్తానని పడవలో అందరికీ చెప్పింది.

లంకవాళ్ళు నేల పంచుకునే తీరు ఒకటుంది. మెరక నుంచి నీటి దాకా పొడుగాటి పట్టీలుగా కోసుకుంటారు. అప్పుడు ప్రతివాడికీ పైన మంచి ఒండ్రు, కింద కాస్త ఇసుక. వరదకి అంచు కోసుకుపోయినా తలా రెండు బారలే పోతుంది, ఒక్కడే మునగడు. నేనూ లంకలో పుట్టినవాణ్ణే. ఇది నాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇనస్పెక్టరు గారు మాత్రం అడ్డంగా, ఒకదాని కింద ఒకటి, తొమ్మిది ముక్కలు కోయమన్నారు. కారణం లేకపోలేదు. పట్టాలో నాలుగు వైపులా కదలని హద్దు చూపించాలి. నీటి అంచు హద్దని రాస్తే పైనుంచి ఆక్షేపణ వస్తుంది. నిలువుగా కోస్తే తొమ్మిదింటికీ నీరే హద్దు, అడ్డంగా కోస్తే ఒక్కదానికే. పైగా నిలువు కొలతకి పొద్దు పోతుంది, అది కార్తీక సోమవారం. ఆయన ఉపవాసం, దీపాల వేళకి ఇల్లు చేరాలి.

తొమ్మిదిమందిలో పెద్దవాడు సత్తెయ్య తలగుడ్డ తీసి ముందుకొచ్చాడు. "బాబుగారండీ, నీటేపుకి కోయించండి. పోతే అందరికీ కాస్త కాస్త పోద్దండి. ఇలాగైతే అడుగునోడు నెత్తిన చెయ్యెట్టుకోవాలండి."

"గోదావరికి నువ్వేమన్నా మేనమామవా? ఎంత కోస్తుందో నీకు చెప్పి కోస్తుందా?" అన్నారు ఇనస్పెక్టరు గారు.

అందరూ నవ్వారు. సత్తెయ్యా నవ్వాడు. "చెప్పదండి. అందుకేనండి."

సర్వేయరు గారు నా వైపు తిరిగి, నువ్వు లంకవాడివే కదా, ఏమంటావు అని అడిగారు. తమ చిత్తం అన్నాను. నా ఉద్యోగం అప్పటికి టెంపరరీ. అంతకు మించి కారణం లేదు.

అడ్డంగానే కొలిచి, ఒండ్రులో హద్దురాళ్ళు నిలవవు కనక సరుగుడు గుంజలు పాతాం. కరణం చిట్టిపంతులు గారు చీట్లు వేశారు. నీటి వైపు ముక్క, తొమ్మిదో నంబరు, మాలక్ష్మమ్మకి వచ్చింది. చీటీ తీసింది తన చెయ్యే. పంచనామా కింద సాక్షిగా నేనూ వేలిముద్ర వేశాను.

మరుసటి ఏడు వరదకి తొమ్మిదో నంబరు పూర్తిగా కొట్టుకుపోయింది. ఎనిమిదో నంబరు గుంజలు కదల్లేదు. మాలక్ష్మమ్మ తాలూకా కచేరీకి వచ్చి వేరే నేల అడిగింది. గుమాస్తా రిజిస్టరు చూసి, నీ పేరున అర ఎకరం ఉంది, భూమి ఉన్నవాళ్ళకి మళ్ళీ ఇవ్వడానికి లేదు అన్నాడు.

"ఉందండీ. గోదాట్లో ఉందండీ. పడవేసుకుని దున్నమంటారా?" అంది.

సత్తెయ్య, మిగతా ఏడుగురు కలిసి అర్జీ పెట్టారు. మళ్ళీ కొలిచి నిలువుగా కోయండి, మేము తలా కాస్త జరిగి ఆవిడకి చోటిస్తాం అని. డి-పట్టా మార్చడానికి వీల్లేదని అది తిరిగొచ్చింది. పంచనామాలో 'పట్టాదార్ల ఇష్టప్రకారం విభజించడమైనది' అని ఉందని కూడా రాశారు. ఆ జవాబు కచేరీలో వాళ్ళకి చదివి వినిపిస్తున్నప్పుడు నేను అక్కడే గొలుసు తుడుస్తున్నాను. దేని కింద వేలిముద్ర వేశానో అప్పుడు తెలిసింది. ఆ ఏడే, ముప్పై నాలుగేళ్ళ వయసులో, పలక పట్టుకున్నాను.

మాలక్ష్మమ్మ మళ్ళీ ఊడ్పులకే వెళ్ళింది. రిజిస్టరులో మాత్రం పట్టాదారుగానే ఉండిపోయింది.

తరవాత ఇంకా చాలా ఏళ్ళు గొలుసు లాగాను. ఆ రోజు మా కొలతలో ఒక్క లింకు తేడా లేదు, అయినా కోత తప్పు. తెలిసినవాణ్ణి ఒకసారి అడుగుతారు. రెండోసారి అడగరు. ఆ ఒక్కసారీ చెప్పాలి. నేను చెప్పలేదు.

ఆ రోజు లంకలో ఉన్నవాళ్ళు: ఇనస్పెక్టరు రామశేషయ్య గారు, సర్వేయరు సుబ్బారాయుడు గారు, కరణం చిట్టిపంతులు గారు, పడవవాడు నూకరాజు, చైనుమాన్ అప్పన్న. పట్టాదార్లు సత్తెయ్య, గంగయ్య, పెద్దిరాజు, ఏసోబు, తాతయ్య, కొండయ్య, చిన సత్తెయ్య, పోలయ్య, మాలక్ష్మమ్మ. చైనుమాన్ వీరన్న, అంటే నేను.