మందా, ఉప్పునీళ్ళా?

లిఫ్టు బాగుచేసిన ప్రతిసారీ అతను పైగదిలో, మోటారు పక్కన, ఒక అట్టముక్క వేలాడదీసేవాడు. ఏం పాడైంది, ఏం మార్చాడు, ఏ తేదీన. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. "నా తర్వాత వచ్చేవాడు తడుముకోకూడదు" అనేవాడు. తోటి మెకానిక్కులు చాటుగా "అట్టల మాస్టారు" అని నవ్వుకునేవాళ్ళు.

అలాంటి మనిషి ఒంట్లోకి ఏం ఎక్కించారో పదమూడు నెలలుగా ఏ కాగితం మీదా లేదు.

లిఫ్టు గోతిలో పడ్డాడు. నడుం దగ్గర వెన్నుపాము నలిగింది. ఆ సాయంత్రమే ఆసుపత్రివాళ్ళు అతన్నీ, అతని భార్యనీ అడిగి సంతకాలు పెట్టించుకున్నారు. దెబ్బతిన్న నరాలు కోలుకుంటాయేమోనని ఒక కొత్త మందును పరీక్షిస్తున్నారట. సగంమందికి మందు, సగంమందికి ఉప్పునీళ్ళు. సీసాలు ఒకేలా ఉంటాయి, ఎవరికేది వెళ్ళిందో డాక్టర్లకీ తెలియదు. అంతా ముగిశాక చెబుతామన్నారు. అందులో అతనికి తప్పేం కనపడలేదు.

ఐదో నెలలో కుడికాలి బొటనవేలు కదిలింది. "మందు తగిలింది" అంది భార్య. అతనూ నమ్మాడు. నమ్మకం కుదిరాక, రోజూ రెండు గంటలు చేసే వ్యాయామం గంటకి, గంట కాస్తా అరగంటకి జారింది. చివరికి మానేశాడు. మందు దాని పని అది చేసుకుపోతోందిలే అనుకున్నాడు.

ఈమధ్య వేలు మళ్ళీ మొండికేసింది. అందుకే ఇవాళ భార్యను వెంటబెట్టుకుని చక్రాల కుర్చీలో వచ్చి, ఆ పరీక్ష చూసే డాక్టరమ్మ ముందు కూర్చున్నాడు. ఎక్కించింది మందే అయితే దాని సత్తా అంతవరకే. నీళ్ళే అయితే వేలిని కదిలించింది తన కష్టం, మళ్ళీ మొదలుపెట్టాలి.

"పరీక్ష ముగిసిందండీ," అందావిడ. "మందు ఎక్కినవాళ్ళకీ, నీళ్ళు ఎక్కినవాళ్ళకీ తేడా లేదని తేలింది."

"నాకేది ఎక్కించారు?"

"తేడా లేదన్నాక ఏదైతే ఏముందండీ?"

"ఆ మాట అనకుండా ఉండాల్సిందమ్మా," అంది భార్య. "కాళ్ళు బాగున్నప్పుడే పట్టు పట్టారంటే కదిలేవారు కాదు ఈయన."

"తేడా మీ లెక్కలో లేదు, నా కాల్లో ఉంది," అన్నాడతను. "చూసి చెప్పండి."

ఆవిడ కంప్యూటరు వైపు తిరిగింది. కాసేపటికి, "ఉప్పునీళ్ళు," అంది.

"మీకెప్పుడు తెలిసింది?"

"ఎవరికేది ఎక్కిందో ఆ జాబితా వచ్చి ఐదు నెలలు. ఉత్తరాలు పంపాల్సింది. ఆ పని చూసే అమ్మాయి ఉద్యోగం మానేసింది."

అతను భార్యకేసి చూశాడు. "నేను వ్యాయామం మానేసి ఎన్నాళ్ళయిందే?"

"నాలుగు నెలలు," అందామె, తలెత్తకుండా.

"లిఫ్టు పాడైందని తెలిసీ తలుపు మీద కాగితం అంటించకుండా ఇంటికెళ్ళిపోతే, మర్నాటికి మా ఉద్యోగాలు ఊడతాయి డాక్టరమ్మా. మీకు మాత్రం అమ్మాయి మానేసిందంటే సరిపోతుంది."

"సారీ అండీ."

"ఇంకా ఎంతమందికి చెప్పలేదు?"

"అరవై నలుగురికి."

అతను తన ఫైలు ముందుకు తోశాడు. "రాయండి. ఏం ఎక్కించారు, మీకు ఏ తేదీన తెలిసింది, నాకు ఏ తేదీన చెప్పారు. మూడూ."

ఆవిడ మొదటిది రాసింది. రెండోదాని చోట ఖాళీ వదిలి, మూడోది రాసి, సంతకం చేసి ఫైలు తిప్పి ఇచ్చింది.

అతను అందుకోలేదు. కుర్చీకి బ్రేకు వేశాడు. భార్య గోడవారనున్న స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది.