గుండ్రంగా పెట్టిన సంతకాలు

ఫిబ్రవరి 11, మంగళవారం, గ్లాస్గోలో మా ఇంటి దగ్గరి లైబ్రరీలో ఓడదొంగల చరిత్ర మీద ఒక ప్రసంగం విన్నాను. గంటా పది నిమిషాలు సాగింది. ముప్పై నాలుగేళ్ళు నర్సుగా పనిచేసినదాన్ని. విన్నది వెంటనే రాసుకోవడం వార్డులో అబ్బిన అలవాటు.

రాజు ఇచ్చిన అనుమతి కాగితం ఉంటే శత్రువుల ఓడను దోచుకోవడం ఉద్యోగమట. అది లేకపోతే అదే పనికి ఉరి. కాగితం లేనివాళ్ళే పద్ధతిగా బతికారని విని ఆశ్చర్యపోయాను. చాలా ఓడల్లో కెప్టెన్ని ఓట్లతో ఎన్నుకునేవారు, నచ్చకపోతే దించేసేవారు. తరుముతున్నప్పుడు, పోరాడుతున్నప్పుడు మాత్రమే అతని మాటకు ఎదురుండేది కాదు. తిండి సమానంగా పంచడానికి వేరే మనిషి ఉండేవాడు. చెయ్యి పోతే ఎంత, కాలు పోతే ఎంత అన్నది ఓడ కదలకముందే రాసిపెట్టుకునేవారు. వాళ్ళు చేసిన హత్యలూ నా నోట్సులో ఉన్నాయి, దాచలేదు. అయినా ఆ ముందుచూపును మెచ్చుకోకుండా ఉండలేకపోయాను.

అన్నిటికంటే నచ్చింది సంతకాల పద్ధతి. మామూలు ఓడల్లో నావికులు కెప్టెన్ మీద ఫిర్యాదు రాస్తే, మొదట సంతకం పెట్టినవాడే నాయకుడని వాణ్ణి శిక్షించేవారు. అందుకని పేర్లను బండిచక్రం ఆకుల్లా గుండ్రంగా రాసేవారు. మొదలెక్కడో తెలియదు. ఓడదొంగలూ ఈ పద్ధతి వాడారట.

ఆ గురువారం మా ఫ్లాట్‌లో ప్రార్థన కూటం. మా తెలుగు చర్చి అమ్మాయిలు తొమ్మిదిమంది వృద్ధులను చూసుకునే ఒకే కేర్ హోంలో పనిచేస్తారు. డ్యూటీల పట్టికలో, అదే రోటాలో, ఆదివారాలు ఎప్పుడూ వాళ్ళకే పడేవి. చర్చిలో పాటలు ఎత్తుకునే అమ్మాయి వరసగా పదకొండు ఆదివారాలు రాలేదు. నా డైరీలో ఉంది. ఆదివారం విడిచి ఆదివారం సెలవివ్వమని ఉత్తరం రాసుకున్నారు కానీ ఎవరూ సంతకం పెట్టలేదు.

"మొదటి పేరు నాదైతే మేనేజర్ నన్నే పట్టుకుంటాడాంటీ," అంది ఆ పాటల అమ్మాయి. "నా వీసా ఆ హోం ఉద్యోగం మీదే ఉంది. పాపని స్కూల్లో వేసి ఆర్నెల్లే అయ్యింది."

నావికుల సంగతి చెప్పాను.

"అయితే మమ్మల్ని ఓడదొంగల్లో కలిపేశారా?" అంది పక్కనున్న అమ్మాయి.

"మీ రోటాకంటే వాళ్ళదే నయం," అన్నాను.

మధ్యలో ఉత్తరం, చుట్టూ పళ్ళెం బోర్లించి గీసిన వలయం. మూడువందల అరవైని తొమ్మిదితో భాగిస్తే నలభై. కోణమానినితో కొలిచి గీతలు పెడితే, ఒక గీత సరిగ్గా నడినెత్తిన పడింది. ఉత్తరానికి పైభాగం ఉంటుంది కనుక అక్కడ రాసిన పేరే మొదటిదవుతుంది. తప్పు నాదే. ఇంకో కాగితం మీద ఇరవై డిగ్రీలు జరిపి మళ్ళీ గీశాను. పైన ఖాళీ వచ్చింది. అప్పటికప్పుడే నలుగురు సంతకాలు పెట్టారు, శనివారానికి మిగతా అయిదుగురూ పెట్టారు.

సోమవారం ఆఫీసులో ఇచ్చారు. మేనేజర్ కాగితాన్ని చేతుల్లో తిప్పుకుంటూ చదివి, ఇది ఎవరు మొదలుపెట్టారని అడిగాడట. గుండ్రంగా ఉన్నదానికి మొదలేముంటుందని పాటల అమ్మాయే జవాబిచ్చిందట. మూడురోజులు నిద్ర మాని భయపడ్డ మనిషి. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన గౌరవం ఏ ఓడ కెప్టెన్ మీదా కలగలేదు. రెండు వారాలకు రోటా మారింది: ఒక ఆదివారం అయిదుగురికి సెలవు, మరో ఆదివారం నలుగురికి.

మార్చి 9న ఆ అమ్మాయి చర్చికి వచ్చింది. ముందురోజు పన్నెండు గంటల షిఫ్టు చేసిందట. మొదటి పాట ఎత్తుకుంది, మూడు చరణాలూ పాడింది. ప్రసంగం మొదలైన నాలుగో నిమిషానికి ఆ అమ్మాయి పక్కనున్న పాప భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఎవరూ లేపలేదు. పాస్టరుగారు మైకు కొంచెం దూరంగా పెట్టుకుని చెప్పడం కొనసాగించారు.